డైవ్ వాచీ క్రౌన్ సగంలో పట్టేస్తుంటే

డైవ్ వాచీ (నీటిలో ఈదేటప్పుడు పెట్టుకునేది) పక్కనుండే తిప్పుడు బొత్తామే క్రౌన్. నీరు దిగకుండా దాన్ని మరతో బిగిస్తారు. బిగించేటప్పుడు అది సగం చుట్టు తిరిగి బిగుసుకుపోతోందంటే, మర వంకరగా పడుతున్నట్టుంది. లోపలి రబ్బరు రింగు పాడైతే నీరు దిగుతుంది గానీ, క్రౌన్ సాధారణంగా ఇలా మొరాయించదు.

బలంగా తిప్పకండి. మొత్తం విప్పేయండి, తర్వాత:

1. వాచీని చేతి నుంచి తీయండి. పెట్టుకునే తిప్పితే క్రౌన్ మీద పక్క ఒత్తిడి పడుతుంది.

2. క్రౌన్‌ను కేసు (వాచీ బాడీ) వైపు తిన్నగా నొక్కి, ముందు విప్పే దిశలోనే మెల్లగా తిప్పండి. ఒకచోట అది చిన్నగా ‘టక్’మని లోపలికి దిగుతుంది. చాలామంది వదిలేసేది ఈ పనే. క్రౌన్ లోపలి మర, అది ఎక్కే కేసు గొట్టం మీది మర, ఈ రెండింటి మొదళ్లు కలిసేది అక్కడే. అది వేలికి తెలిసేదాకా తొందరపడొద్దు.

3. నొక్కు వదలకుండా, అక్కడి నుంచి బిగించే దిశలో తిప్పండి. మొదటి చుట్టు తేలిగ్గా తిరగాలి. పట్టేస్తే మళ్లీ 2 నుంచి.

4. ఆగినచోట ఆపండి. వేళ్ల బలం చాలు, పట్టకారు మాట తలవకండి! నీటిని ఆపేది రబ్బరు రింగు. అతిగా బిగిస్తే అది నలిగిపోతుంది.

ఆటోమేటిక్ (చేతి కదలికతో తనంతట తానే కీ ఎక్కే వాచీ) అయితే బిగించేటప్పుడు స్ప్రింగు కూడా చుట్టుకోవచ్చు. ఆ కరకరకు కంగారు వద్దు.

ఇలా చేసినా మర సరిగ్గా పడకపోతే, క్రౌన్ మర గానీ కేసు గొట్టం మీది మర గానీ అరిగి ఉండొచ్చు. క్రౌన్, గొట్టం రెండూ మార్పించి, నీటి పీడన పరీక్ష చేయించండి. అప్పటిదాకా నీళ్లకు దూరం. డయల్ మీద 200 మీటర్లని ఉన్నా అది క్రౌన్ బిగిసి ఉన్నప్పటి మాట.