లోన్ టెన్షన్ తగ్గాక రక్షణ సంగతి చూసుకోవచ్చా?

ప్రశ్న: అయ్యగారూ, వందనాలు. మాది బాపట్ల దగ్గర పల్లె, క్రైస్తవ కుటుంబం. నేను మారతహళ్లిలో ఉంటూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. దేవుణ్ని కాదన్నవాణ్ని కాను. సిల్క్‌బోర్డు ట్రాఫిక్‌లో ఉన్నంతసేపూ ప్రసంగాలే వింటాను. అమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా "రక్షణ సంగతి ఏం చేశావురా?" అంటుంది. ఫ్లాట్ లోన్ టెన్షన్ తగ్గాక ఊరెళ్లి మా గుడిలోనే బాప్తిస్మం తీసుకుందామని ఉంది. సిలువ మీద దొంగ ఆఖరి గంటలో రక్షణ పొందాడు కదా! ఆలస్యం చేస్తే అంత ప్రమాదమా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: వందనాలు బాబూ. ప్రమాదమే. "ఇంత గొప్ప రక్షణను మనము నిర్లక్ష్యము చేసినయెడల ఏలాగు తప్పించుకొందుము?" అని హెబ్రీ పత్రిక 2:3 అడిగేది సువార్త విన్నవాళ్లనే. రాసినవాడు తననూ కలుపుకునే అడిగాడు. అంతకుముందే, విన్న సంగతులను విడిచి కొట్టుకుపోవద్దని హెచ్చరించాడు. కొట్టుకుపోవడానికి దేవుణ్ని కాదనక్కర్లేదు, ఊరికే ఉంటే చాలు.

అపొస్తలుల కార్యములు 24వ అధ్యాయం తీసి ఫేలిక్సు కథ చదువు. రోమా అధిపతి. భార్య ద్రుసిల్ల యూదురాలు. క్రీస్తు మార్గం గురించి అతనికి బాగానే తెలుసంటాడు ఆ పుస్తకం రాసిన లూకా. కైసరయలో ఖైదీగా ఉన్న పౌలును పిలిపించాడు. నీతి, ఆశానిగ్రహం, రాబోయే తీర్పు గురించి పౌలు చెబుతుంటే హడలిపోయాడు. "ఇప్పటికి వెళ్లుము, నాకు సమయమైనప్పుడు నిన్ను పిలువనంపుదును" అన్నాడు. సమయం దొరకలేదా అంటే, బోలెడు దొరికింది! మాటిమాటికీ పిలిపించి మాట్లాడాడు, లంచం ఇస్తాడేమోనన్న ఆశ కూడా ఉందిలే. రెండేళ్లకు అతని స్థానంలో పోర్కియు ఫేస్తు వచ్చాడు, పౌలు ఖైదులోనే ఉన్నాడు. అన్నిసార్లు విన్న ఫేలిక్సు మళ్లీ భయపడినట్టు లూకా ఎక్కడా రాయలేదు. నాకు గుండె ఝల్లుమనేది అక్కడే. ఒకప్పుడు నిన్ను కదిలించిన మాట ఇప్పుడూ కదిలిస్తోందా, సిగ్నల్ పడగానే మరిచిపోతున్నావా?

దొంగ సంగతంటావా, ఆ గంటలో అక్కడ ఇద్దరున్నారు. రెండోవాడూ ప్రభువుకు అంతే దగ్గర, అయినా దూషించాడు. పైగా మొదటివాడు ముందే విని వాయిదా వేస్తూ వచ్చాడని లూకా చెప్పలేదు. నువ్వు చిన్నప్పటి నుంచీ విన్నవాడివి.

లోన్ కట్టడం పాపం కాదు, కట్టు. మత్తయి 22లో పెళ్లి విందుకు రానివాళ్లు వెళ్లింది కూడా పొలానికీ వ్యాపారానికే. కానీ బెంగళూరులో ఫ్లాట్ లోన్ తీరేదెప్పటికి!

అమ్మ పోరు పడలేక మాత్రం ఒప్పుకోకు. భయపెట్టి బాప్తిస్మాలు ఇప్పించడం నాకూ గిట్టదు. పాపాలు ఒప్పుకుని ప్రభువును నీ నోటితో నువ్వే అడుగు, దానికి గుడీ అక్కర్లేదు, సెలవూ అక్కర్లేదు. ఇక బాప్తిస్మం. యెరూషలేము నుంచి గాజాకు పోయే దారిలో ఐతియొపీయుడు నీళ్లు కనబడగానే, నాకు బాప్తిస్మమివ్వడానికి ఆటంకమేమిటని తనకు సువార్త చెప్పిన ఫిలిప్పును అడిగాడు. ఊరు చేరాక చూద్దాం అనలేదు. బెంగళూరులో తెలుగు సంఘాలకు కొదవ లేదు. ఈ ఆదివారం ఆన్‌కాల్ ఉంటే, వారం మధ్యలో ఒక సాయంత్రం దగ్గర్లోని సంఘ కాపరిని కలిసి మాట్లాడు.