వచ్చినవారు వెళ్ళిపోయాక బడిలో ఏం మిగులుతుంది?

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు ప్రధానోపాధ్యాయురాలివి అయ్యావని మీ అమ్మ ఫోనులో చెప్పిన రోజే రాద్దామనుకున్నాను. ఇంతలో నీ ఉత్తరమే వచ్చింది. బడిలోకి సంగీతం, నాట్యం, చిత్రలేఖనం రావాలని ఆరు సంస్థలకు ఒకేసారి అర్జీలు పెట్టావట. నీ ఉత్సాహం చూసి ముచ్చటేసింది, కాస్త భయమూ వేసింది. నేనూ ఒకప్పుడు సరిగ్గా అలాగే మొదలుపెట్టాను మరి.

ఆ ముచ్చట ముందు చెబుతాను. నేను కొత్తగా హెడ్మాస్టరునైన ఏడాది ఒక సంస్థను బతిమాలి నాట్య ప్రదర్శన పెట్టించాను. పది గంటలకు మొదలు కావాలి. ముఖ్య అతిథి ఒంటిగంటకు వచ్చారు. అప్పటిదాకా పిల్లలు ఎండలో. ఉపన్యాసాలు నాలుగు, శాలువాలు తొమ్మిది, నాట్యం పదిహేను నిమిషాలు. మధ్యాహ్న భోజనం చల్లారిపోయింది. మర్నాడు ఏడో తరగతి కుర్రవాణ్ణి "నిన్న ఏం చూశావురా?" అని అడిగితే, "పెద్ద ఫ్లెక్సీ చూశాను సార్" అన్నాడు. వాడిని తప్పుపట్టడానికి ఏముంది? ఆ ఫ్లెక్సీ అచ్చు వేయించింది నేనే.

అప్పటినుంచి ఎవరిని పిలవాలన్నా నన్ను నేను ఒక ప్రశ్న వేసుకునేవాణ్ణి. వీళ్ళు బండెక్కి వెళ్ళిపోయిన మర్నాడు ఈ పని బడిలో ఎవరు చేస్తారు? జవాబుగా ఒక మనిషి పేరు తోచకపోతే ఆ కార్యక్రమం వాయిదా వేసేవాణ్ణి. నువ్వు అర్జీ పెట్టిన ఆరింటినీ ఈ ప్రశ్నతోనే జల్లెడ పట్టు.

నీ జాబితాలో అడుగున రాసిన సీసీఆర్‌టీని, అంటే సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రాన్ని, నేనైతే పైకి తెస్తాను. 1979లో ఏర్పడింది, కేంద్ర సాంస్కృతిక శాఖ కింద నడుస్తుంది. ప్రధాన కార్యాలయం ఢిల్లీ ద్వారకలో ఉంది, మనకు దగ్గరి ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్ మాదాపూర్‌లో. దాని పని ముఖ్యంగా ఉపాధ్యాయులతో. పాఠంలోకి తోలుబొమ్మనో, పాటనో, చేతిపనినో ఎలా తేవాలో కూర్చోబెట్టి నేర్పిస్తారు. పేర్లు విద్యాశాఖ ద్వారానే వెళ్ళాలి కాబట్టి జిల్లా విద్యాశాఖాధికారి కార్యాలయంలో ముందే చెప్పి ఉంచు. ఎవరిని పంపాలన్నదే అసలు మెలిక. మనవాళ్ళు సాధారణంగా ఖాళీగా ఉన్నవారినో, రెండేళ్ళలో పదవీ విరమణ చేసేవారినో పంపుతారు. నువ్వు మీ లెక్కల మాస్టారినో, సైన్సు టీచరునో పంపు. "సిలబస్ ఎప్పుడు పూర్తి చేస్తారు?" అని రేపు స్టాఫ్ రూములో గొణిగేది వాళ్ళే కదా. ఒకసారి బొమ్మ చేతికి తొడుక్కుని ఆడించినవాళ్ళు గొణగడం తగ్గిస్తారు.

అక్కడ నేను చేసిన తప్పు నువ్వు చేయకు. శిక్షణ పూర్తయ్యాక బడికని సామగ్రి ఇచ్చారు. స్లయిడ్లు, క్యాసెట్లు, బొమ్మలు. తెచ్చి స్టాక్ రిజిస్టరులో ఎక్కించాను. పోతే జీతంలో కోస్తారన్న భయంతో బీరువాలో పెట్టి తాళం వేశాను. నాలుగేళ్ళ తరువాత తెరిస్తే చెదలు మిగిల్చింది ఒక్క తోలు కోతిని, అదీ తోక లేకుండా. ఆ కోతితోనే తరువాత తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పాననుకో. సామగ్రి పిల్లల చేతుల్లో అరిగిపోతే తనిఖీ అధికారికి నిబ్బరంగా అదే చెప్పు.

ఇక మనిషి సంగతి. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు చదివావా? ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి మించి పిల్లలుంటే కళావిద్యకు పార్ట్ టైమ్ ఇన్‌స్ట్రక్టరు ఉండాలని అందులో స్పష్టంగా రాసి ఉంది. మీ బడిలో ఆ మనిషి లేకపోతే, ఆ వాక్యాన్ని ఎత్తి రాసి లేఖ పెట్టు. పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానం కూడా జతచేయి. వెంటనే మనిషి వస్తారని నేను చెప్పను. కానీ అడగని బడికి ఎవరూ పంపరు.

ఈలోగా చుట్టూ చూడు. విజయనగరం సంగీత కళాశాల 1919 నాటిది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. దివాణంలో పనిచేసే ఉద్యోగి అంధుడైన కొడుకు కోసమే ఆ కళాశాల పుట్టిందని మా వైపు చెప్పుకుంటారు. అక్కడి ప్రిన్సిపాల్‌గారిని కలిసి, వారానికి ఒక్క రోజు పెద్ద తరగతి విద్యార్థిని ఒకరిని పంపమని అడుగు. బస్సు చార్జీ, భోజనం నీవి. రెండు గంటల ప్రదర్శన ఏడాదికోసారి చూడటం కంటే, ఇరవై ఏళ్ళ అమ్మాయి వారంవారం వచ్చి సరళీస్వరాలు పాడించడం పిల్లల గొంతులను ఎక్కువ మారుస్తుంది.

బొబ్బిలి పక్కన గొల్లపల్లికి పిల్లలను తప్పకుండా తీసుకువెళ్ళు. ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేసే చేతులు అక్కడున్నాయి. ఫిజిక్సు టీచరును వెంట తీసుకుపో. ఇరవై నాలుగు మెట్లు మైనంలో కూర్చోబెట్టేటప్పుడు ఒక్కో మెట్టుకూ మధ్య దూరం ఎందుకు తగ్గుతూ పోతుందో పిల్లలు అడిగితే, ధ్వని పాఠం అక్కడే సగం అయిపోతుంది. మీ ఊళ్ళోనే తప్పెటగుళ్ళ బృందం ఉండే ఉంటుంది. రొమ్ముకు తప్పెట కట్టుకుని, కాలికి గజ్జెలతో వాళ్ళు అడుగు వేస్తే మీ వ్యాయామ ఉపాధ్యాయుడు కూడా నోరెళ్ళబెడతాడు.

వాళ్ళను పిలిచేటప్పుడు ఒక్క మాట గట్టిగా గుర్తుంచుకో. బడికి వచ్చిన రోజు వాళ్ళకు కూలి పోతుంది. శాలువా కప్పి పంపేయకు, శాలువాతో బియ్యం రావు. "బిల్లు పాసయ్యాక ఇస్తాం" అనీ అనకు. డబ్బు కవరులో పెట్టి, వోచరు మీద సంతకం తీసుకుని, భోజనానికి ముందే చేతిలో పెట్టు. దీనికోసం ముందుగానే కమిటీలో వెయ్యో రెండు వేలో పక్కన పెట్టించు. నేను ఒకసారి నా జేబులోంచి ఇచ్చి, తిరిగి రాబట్టుకోవడానికి ఎనిమిది నెలలు తిరిగాను.

స్పిక్ మెకేకు కూడా రాశావు, మంచి పని. శాస్త్రీయ సంగీతాన్ని, నాట్యాన్ని విద్యార్థుల దగ్గరికి తేవడానికి ఐఐటీ ఢిల్లీ ప్రొఫెసరు కిరణ్ సేఠ్‌గారు 1977లో మొదలుపెట్టిన ఉద్యమం అది. దాదాపు అంతా వాలంటీర్లే నడుపుతారు, టికెట్టు ఉండదు. గొప్ప విద్వాంసుడు మీ వరండాలో కూర్చుని పాడి, పిల్లలతో మాట్లాడటమే దాని అందం. కాబట్టి నువ్వు స్టేజీ కట్టకు. చాపలు పరిచి, పక్కగదిలో ఫ్యాన్ల మోత, బయట మోటారు చప్పుడు ఆపించు. గంట కొట్టే ప్యూనుకు ఆ పూట సెలవివ్వు. ముఖ్య అతిథి వద్దు. రెండు వారాల ముందునుంచి ఆ వాయిద్యం పేరు, రాగం పేరు పిల్లల చెవిన పడేలా చూడు. అదేమీ తెలియకుండా కూర్చోబెట్టావో, పావుగంటకల్లా వెనక వరుస చాపలోంచి పుల్లలు పీకుతూ ఉంటుంది.

2015 నుంచి జరుగుతున్న బడిపిల్లల కళల పోటీ, కళా ఉత్సవ్‌కు తొమ్మిది, పది తరగతుల పిల్లలను పంపు, తప్పులేదు. కాకపోతే బహుమతి రావాలని బాగా పాడే ఒక్క పిల్లను పట్టుకుని రెండు నెలలు సాధన చేయించి, మిగతా అందరినీ చప్పట్లకు కూర్చోబెడతారు. అది పోటీ, బడి కాదు. బాగా వచ్చిన పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలుంటే సీసీఆర్‌టీ సాంస్కృతిక ప్రతిభా ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టించు. చాలామంది తల్లిదండ్రులకు అలాంటిది ఒకటుందనే తెలియదు.

నీ జాబితాలో రెండు కంపెనీలు కూడా ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి, కళలు కూడా ఆ పద్దులో వస్తాయి. నువ్వు అడగకపోతే వాళ్ళు గోడకు రంగులు వేసి, లోగో వేసి వెళతారు. నువ్వే అడుగు. మూడేళ్ళపాటు ఒక డ్రాయింగు మాస్టారి గౌరవ వేతనం, ఏటా కాగితాలు, రంగులు. కాదంటే నమస్కారం పెట్టి పంపు. బెంగళూరులోని ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్ వారు కర్ణాటకలో 'కలి-కలిసు' పేరుతో ప్రభుత్వ బడి టీచర్లకు గ్రాంటు ఇచ్చి, వాళ్ళ ఊరి కళతో వాళ్ళనే పాఠం తయారుచేయమంటారు. మన దగ్గరా అలాంటిది ఉంటే నేను ఇంకా పదేళ్ళు ఉద్యోగం చేసేవాణ్ణేమో!

బయటివారు ఎంత పేరున్నవారైనా సరే, గదిలో మీ టీచరు ఒకరు చివరిదాకా ఉండాలి. పిల్లల ఫొటోలు ఎవరికీ తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఇవ్వకు. దీనికి మొహమాటపడకు.

టైమ్ టేబుల్ నువ్వే స్వయంగా వెయ్యి. కళల పీరియడును శనివారం చివరి గంటకు నెట్టారో, అది ఆటస్థలంలో గడ్డి పీకే గంటగా మారుతుంది. గురువారం పొద్దున రెండో పీరియడు పెట్టు. పదో తరగతి ఫలితాల గోల ఫిబ్రవరిలో మొదలవుతుంది, అప్పుడు ఆ గంటను ఎవరో అప్పడుగుతారు. ఇవ్వకు, అప్పు తీరదు.

ఆరింటిలో ఈ ఏడాదికి రెండు చాలు. మిగతా నాలుగింటికి మర్యాదగా వచ్చే ఏడాదని రాసెయ్. తోక లేని కోతిని పార్సిలు చేసి పంపుతున్నాను, స్టాక్ రిజిస్టరులో మాత్రం ఎక్కించకు. గొల్లపల్లికి వెళ్ళే రోజు ముందుగా ఫోను చేయి, నేనూ వస్తాను. బస్సులో కిటికీ పక్క సీట్లు పిల్లలకే, నాకు వద్దు.

ఇట్లు,
మీ పెద్ద మామయ్య