పాత ఫోన్లలో సీఎస్ఎస్ లేయర్లు పనిచేయట్లేదు, తీసేయాలా?

సీఎస్ఎస్‌ను (పేజీ రూపం ఎలా ఉండాలో చెప్పే కోడ్) లేయర్లలోకి, అంటే ఏ నియమాల గుంపు దేన్ని గెలవాలో మనమే వరుస పెట్టే బ్లాకుల్లోకి, మార్చాక కొన్ని పాత ఫోన్లలో పేజీ ఏ స్టైలూ లేకుండా వట్టి అక్షరాలతో వస్తోందనీ, మళ్లీ మామూలు సీఎస్ఎస్‌గా తిరగరాయాలా అనీ అడిగారు. తిరగరాయకండి. మీరు రాసుకునే కోడ్‌లో లేయర్లు ఉండనివ్వండి. సర్వర్‌కు ఎక్కే ఫైల్లో మాత్రం అవి మిగలకూడదు. రెండేళ్ల కిందట ఒక ప్రైవేటు స్కూలు ఫీజుల సైటు చేస్తున్నప్పుడు నాకు సరిగ్గా ఇదే ఎదురైంది, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

లేయర్లు ఫైర్‌ఫాక్స్ 97, క్రోమ్ 99, సఫారీ 15.4తో వచ్చాయి. మూడూ 2022 ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే. మామూలుగా బ్రౌజర్‌కు ఒక ప్రాపర్టీ తెలియకపోతే ఆ ఒక్క లైను వదిలేస్తుంది, పేజీ నిలబడుతుంది. లేయర్ విషయంలో అలా కాదు, బ్లాక్ మొత్తాన్నీ వదిలేస్తుంది. మీ స్టైళ్లన్నీ లేయర్లలోనే ఉంటే ఇక మిగిలేదేమీ ఉండదు.

మాకు ఫిర్యాదులు ఎక్కువగా ఐఫోన్ 6 నుంచి వచ్చేవి. కొడుకో కూతురో కొత్త ఫోన్ కొనుక్కుని పాతది ఇంట్లో పెద్దవాళ్లకు ఇస్తారు, మనవళ్ల ఫీజు కట్టేది ఆ తాతయ్యలే. ఆ ఫోన్ ఐఓఎస్ 12 దగ్గర ఆగిపోయింది, దాంతోపాటు అందులోని సఫారీ కూడా. "క్రోమ్ వేసుకోండి సార్" అని ఫోన్లో చెప్పి పంపేవాళ్లం. ఆ సలహా తప్పు. ఆ ఫోన్లో క్రోమ్ కూడా లోపల ఆపిల్ వెబ్‌కిట్ (సఫారీని నడిపే ఇంజిన్) మీదే నడుస్తుంది, కాబట్టి ఏ బ్రౌజర్ వేసుకున్నా ఒకటే. ఆండ్రాయిడ్ 5 ఫోన్లకు క్రోమ్ 95తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 7 కంప్యూటర్లకు మాత్రం క్రోమ్ 109 దాకా వచ్చింది కాబట్టి వాటికి ఇబ్బంది లేదు.

నేను ముందు వేసిన ఎత్తు మీకూ తడుతుంది: ముఖ్యమైన స్టైళ్లను లేయర్ల బయట ఇంకోసారి రాసిపెడితే పాత బ్రౌజర్లు వాటిని తీసుకుంటాయి కదా అని. తీసుకున్నాయి, తాతయ్యల ఫోన్లు బాగుపడ్డాయి. కానీ కొత్త ఫోన్లు చెడిపోయాయి. లేయర్ బయట ఉన్న నియమం ఏ లేయర్‌లో ఉన్నదాన్నైనా ఓడిస్తుంది, లోపలి సెలెక్టర్ (నియమం దేనికి వర్తించాలో చెప్పే భాగం) ఎంత బలమైనదైనా సరే. పాత వాళ్ల కోసం పెట్టిన సాదా బటన్ అందరికీ కనిపించింది. ఈ దారిలో వెళ్లొద్దు. బిల్డ్ (మనం రాసిన కోడ్‌ను సర్వర్‌కు ఎక్కే ఫైలుగా మార్చే దశ) అనేదే లేని చిన్న సైటైతే, ఆ సాదా స్టైళ్లను విడి ఫైల్లో పెట్టి, లేయర్లు తెలియని బ్రౌజర్ అని జావాస్క్రిప్ట్‌తో తేలినప్పుడే లోడ్ చేయండి.

బిల్డ్ ఉంటే పోస్ట్‌సీఎస్ఎస్‌లో (సీఎస్ఎస్‌ను మార్చిపెట్టే టూల్) కాస్కేడ్ లేయర్స్ ప్లగిన్ వాడండి, ప్రీసెట్ ఎన్వ్ అనే దాని ప్లగిన్ల కట్టలో అది ఉంది. అది లేయర్ బ్లాకులను విప్పేసి, పై లేయర్లలోని సెలెక్టర్లకు "నాట్" (ఇది కానిదేదైనా అనే షరతు) లోపల ఒక ఐడీ తగిలిస్తుంది. ఆ ఐడీ ఉన్న ఎలిమెంట్ పేజీలో ఉండదు కాబట్టి "నాట్" ఎప్పుడూ నిజమే అవుతుంది, కానీ ఐడీ బరువు సెలెక్టర్‌కు కలుస్తుంది. పై లేయర్‌కు ఎక్కువ, కింది లేయర్‌కు తక్కువ. అలా మీరు అనుకున్న వరుసే స్పెసిఫిసిటీ (సెలెక్టర్ బరువు) రూపంలో వస్తుంది. బ్రౌజర్స్‌లిస్ట్‌లో (సైటు ఏ బ్రౌజర్లలో పనిచేయాలో రాసే జాబితా) ఐఓఎస్ 12 లాంటి పాతవి రాయకపోతే ప్రీసెట్ ఈ ప్లగిన్‌ను నడపదు. నాకు మొదటి బిల్డ్‌లో ఏ మార్పూ రాకపోవడానికి కారణం అదే.

మమ్మల్ని ఎక్కువగా సతాయించింది పేమెంట్ ఫారం. అది బయటి కంపెనీది, దాని సీఎస్ఎస్ దాని లింకు నుంచే వస్తుంది, మా బిల్డ్‌లోంచి పోదు. అసలు లేయర్లున్నప్పుడు అది లేయర్ల బయటిది కాబట్టి మా నియమాలన్నిటినీ గెలిచేది. ప్లగిన్ నడిచాక మా ఇన్‌పుట్, బటన్ నియమాలకు ఐడీ బరువు వచ్చి, దాని క్లాసులను తొక్కేశాయి. కార్డు నంబరు పెట్టె సగానికి కుంచించుకుపోయింది. వాళ్ల ఫైలును కాపీ చేసి మా బిల్డ్‌లో కలపొచ్చు గానీ, వాళ్లు మార్చినప్పుడల్లా మనం వెంటపడాలి. అందుకని మా నియమాలనే మా ఫారం క్లాసు కిందికి పరిమితం చేశాను. మీ సైట్లో చాట్, మ్యాపు, పేమెంట్ లాంటివి ఉంటే ముందు అవే చూడండి.

టెయిల్‌విండ్ (రెడీమేడ్ సీఎస్ఎస్ క్లాసులిచ్చే టూల్) వాడుతుంటే ఒక మాట. వెర్షన్ 3లో మనం రాసే లేయర్ బిల్డ్‌లోనే కరిగిపోతుంది, పాత ఫోన్లకు ఇబ్బంది లేదు. వెర్షన్ 4లో మాత్రం అసలైన లేయర్లే బయటికి వస్తాయి, పైగా సఫారీ 16.4, క్రోమ్ 111 కన్నా పాతవాటికి అది సపోర్టు ఇవ్వదు. లేయర్లను విప్పినా మిగతా కొత్త ఫీచర్లు అడ్డుపడతాయి. పాత ఫోన్లు ముఖ్యమైతే 3లోనే ఉండండి.

అన్నీ చేశాక కూడా పేజీ వట్టిగా వస్తే, బిల్డ్ అయిన ఫైలు తెరిచి లేయర్ అన్న పదం కోసం వెతకండి. ఒక్కటి దొరికినా ఏదో ఫైలు ప్లగిన్ చేతికి చిక్కకుండా వచ్చిందన్నమాట. మాకు అది లేయర్ పేరుతో ఇంపోర్ట్ చేసిన ఫైలు. ఇంపోర్టులను ముందు ఒకే ఫైలుగా కలిపి, ఆ తర్వాత ప్లగిన్ నడిపితే సరిపోయింది.