రూమినేట్ చేద్దాం రండి అంటే ఎవరొస్తారు?

ప్రశ్న: మా బ్యాచ్ పాత విద్యార్థుల సమ్మేళనానికి ఆహ్వానం ఇంగ్లిష్‌లో రాసే పని నా మీద పడింది. ‘పాత రోజుల్ని నెమరువేసుకుందాం’ అనడానికి ‘లెట్ అజ్ రూమినేట్ ద ఓల్డ్ డేస్’ అని పెట్టాను. ఒక మిత్రుడు చదివి తెగ నవ్వాడు. నిఘంటువులో రూమినేట్ అంటే నెమరువేయు అనే ఉందండీ. నా తప్పేమిటి?

జవాబు: నిఘంటువు తప్పు చెప్పలేదు, మీ మిత్రుడూ ఊరికే నవ్వలేదు. ఆవులు, మేకలు మేత మింగి, తర్వాత తీరిగ్గా నోట్లోకి తెచ్చుకుని నమలడమే రూమినేట్. పశువు పొట్టలో మొదటి అరను రూమెన్ అంటారు, మాట అదే కుదురుది. పశువు దగ్గర తెలుగు, ఇంగ్లిషు ఒకటే. మనిషి దగ్గరికి వచ్చేసరికి వేరయ్యాయి.

మనం నెమరువేసుకునేవి దాదాపు అన్నీ తీపి సంగతులే. సమ్మేళనం జరిగిందంటే మర్నాడు పేపర్లో ‘జ్ఞాపకాలను నెమరువేసుకున్నారు’ అన్న వాక్యం ఉండితీరుతుంది. ఇంగ్లిష్‌లో రూమినేట్‌కి తీపితో పనిలేదు. పాత పుస్తకాల్లో లోతుగా ఆలోచించడమనే అర్థంలో కనిపిస్తుంది. ఇవాళ ఎక్కువగా వినిపించేది మాత్రం, పోయిన ఉద్యోగాన్నో పడిన మాటనో వదల్లేక అదేపనిగా తలుచుకుని కుమిలిపోవడమనే అర్థంలో. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త సూసన్ నోలెన్-హోక్సెమా 1991లో రాసిన పరిశోధన పత్రంలో రూమినేషన్ గురించి చెప్పింది ఇలాంటిదే. దిగులుగా ఉన్నప్పుడు ఆ దిగులు చుట్టూనే ఆలోచనలు తిప్పుకునేవాళ్లకి అది ఎక్కువ కాలం ఉంటుందని ఆమె వాదన. మీరు పిలిచింది కబుర్లకి కదా!

మీక్కావలసిన మాట రెమినిస్. ‘లెట్ అజ్ రెమినిస్ అబౌట్ ద ఓల్డ్ డేస్’. ఆ ‘అబౌట్’ను వదలకండి, ‘రెమినిస్ ద ఓల్డ్ డేస్’ అనకూడదు. పలికేటప్పుడు ఊత చివరి ‘నిస్’ మీద పడాలి. అన్నట్టు, ఇందులో రెమినిసెన్స్ అనే నామవాచకమే ముందు పుట్టింది, క్రియను తర్వాత దాన్నుంచి చెక్కుకున్నారు. ఇంకో నలుగురితో కూర్చుని ఇష్టంగా చెప్పుకునే పాత ముచ్చట్లకి ఇంతకంటే సరైన క్రియ లేదు. నన్నడిగితే ఆహ్వానంలో ‘కమ్, లెట్స్ టాక్ అబౌట్ ద ఓల్డ్ డేస్’ అని రాసినా హాయిగానే ఉంటుంది. పెద్ద మాట పడితేనే ఇంగ్లిష్ అనుకోవడం మనకో జబ్బు.

ప్రశ్న: రిమెంబర్, రిమైండ్, రీకాల్, రికలెక్ట్. అన్నీ గుర్తే కదా, ఎక్కడ ఏది వాడాలి?

జవాబు: గుర్తుండేది మీకైతే రిమెంబర్, ఇంకొకరు గుర్తుచేస్తే రిమైండ్. ‘రిమెంబర్ మీ టు టేక్ ద టాబ్లెట్’ అని చాలామంది అంటుంటారు, అక్కడ ‘రిమైండ్ మీ’ అనాలి. బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో నా ఎర్రసిరా ఎక్కువగా ఖర్చయింది వీటి మీదే.

రిమెంబర్‌లో ఇంకో మెలిక ఉంది. ‘ఐ రిమెంబర్డ్ టు లాక్ ద డోర్’ అంటే తాళం వేయడం మర్చిపోలేదని. ‘ఐ రిమెంబర్ లాకింగ్ ద డోర్’ అంటే వేసిన సంగతి ఇప్పుడు గుర్తుందని. సగం దారిలో తాళం టెన్షన్ పట్టుకుంటే ధైర్యం చెప్పుకోవడానికి పనికొచ్చేది ఈ రెండోదే. ఇక ‘ఐ యామ్ రిమెంబరింగ్ యువర్ నేమ్’ అనకండి, ‘ఐ రిమెంబర్’ చాలు.

రీకాల్ కొంచెం ఆఫీసు భాష, సాక్షి కోర్టులో చెప్పినట్టుంటుంది. ‘ఐ రీకాల్ మీటింగ్ హిమ్’ అనాలి తప్ప ‘రీకాల్ టు మీట్’ లేదు. ముక్కలు ముక్కలుగా ప్రయత్నం మీద గుర్తుతెచ్చుకుంటే రికలెక్ట్.

ప్రశ్న: కొత్త బాధ్యత తీసుకోమని మా బాస్ అడిగారు. ‘ఆలోచించి చెబుతాను’ అని మెయిల్ పెట్టాలి. పాండర్ వాడనా, కాంటెంప్లేట్ వాడనా?

జవాబు: రెండూ వద్దు. ‘ఐ విల్ థింక్ ఇట్ ఓవర్’ అనండి. ‘ఇట్’ మధ్యలోనే రావాలి, ‘థింక్ ఓవర్ ఇట్’ కాదు. ‘మల్ ఇట్ ఓవర్’కీ ఇదే పద్ధతి, కాకపోతే అందులో తొందరేమీ లేదన్న ధ్వని ఉంటుంది. రేపే జవాబు కావాలన్న బాస్‌కి అది నచ్చదు. పాండర్ లాటిన్‌లో తూకానికి సంబంధించిన మాట, బరువు కొలిచే పౌండ్‌కి చుట్టం. అటూ ఇటూ తూచి చూడటమన్నమాట. ఒక్క మెయిల్‌కి అంత బరువెందుకు? కాంటెంప్లేట్ అంటే ఏదైనా చేద్దామా అని మనసులో తిప్పుకోవడం. ‘ఐ యామ్ కాంటెంప్లేటింగ్ రిజైనింగ్’ అనేది తరచుగా వినబడే వాక్యం, అందుకే బాస్ ముందు ఆ క్రియ రాకపోవడమే మంచిది. ‘ఐ విల్ కన్సిడర్ ఇట్’ అన్నా సరే. ‘కన్సిడర్ అబౌట్’ అనకండి.

ప్రశ్న: ఒక పాత ఇంగ్లిష్ కథలో ‘రిమెంబర్ మీ టు యువర్ ఫాదర్’ అని ఉంది. అచ్చుతప్పా?

జవాబు: కాదు. ‘మీ నాన్నగారిని అడిగానని చెప్పు’ అనడం. ఇప్పుడు పాతబడింది, ‘సే హలో టు యువర్ ఫాదర్’ అంటున్నారు.