కువైట్ ఇంట్లో ఒక్కతే కూర్చుని ఏడ్చే చెల్లెలికి

కావలి వైపు నుంచి ఇంటి పనికి వచ్చిన చెల్లెలు ఒకమ్మాయి అడిగింది. వచ్చి కొన్ని నెలలైందంట, రోజూ రాత్రి యేసయ్యా అని ఏడ్చుకుంటానే నిద్రపోతా ఉందంట, ఈ ఇంట్లో ఉండమంటావా పొమ్మంటావా అని ఎంత అడిగినా దేవుడు జవాబు ఇవ్వట్లేదంట, అక్కా నీకు ఎట్టా చెప్పాడు అని అడిగింది.

చెప్తా గానీ ముందు ఇది చెప్పమ్మా, ఆ ప్రార్థన నువ్వు ఎవరితో కలిసి చేస్తా ఉండావు? ఎవరితోనూ కాదు కదా. నాకు తెలుసులే. కొత్తగా వచ్చే ఆడపిల్లలందరూ ఇదే పని, తలుపేసుకుని దుప్పటి కప్పుకుని ఫోన్లో వాక్యం పెట్టుకుని ఏడవడం. జీతం లేటయిందనో మామా, అదే ఇంటి యజమానురాలు, అరిచిందనో ఏడిస్తే అది ఒక రోజు ఏడుపు, తెల్లారితే పోతుంది. ఒంటరితనం అట్టా కాదు, అది లోపల్లోపల తినేస్తది, మనిషి బుద్ధిని కూడా మార్చేస్తది.

నా సంగతి చెప్తా విను. మాది టంగుటూరు పక్కన పల్లె, పొగాకు బేరన్ల దగ్గర పెరిగినోళ్ళం, మా నాయనమ్మ కాలం నుంచి బాప్టిస్టు సంఘమే. శుక్రవారం స్త్రీల ఉపవాస కూడిక, పాతసంవత్సరం చివరి రాత్రి ఆరాధన, ఆ తెల్లవారుజామున కొత్త ఏడాదికి ఒక వాక్యం రాసుండే వాగ్దానం కార్డు తీసుకోవడం, ఇయన్నీ చేసినదాన్నే కాబట్టి కువైట్ ఎక్కేటప్పుడు నాకు ధైర్యం ఎక్కువ, దేవుడున్నాడు ఇంకెవరు కావాలి అనుకున్నా. ఈడ ఇంట్లో నాకు ఇచ్చింది మెట్ల కింద గది, కిటికీ లేదు, ఇస్త్రీ బల్ల, వాషింగ్ మిషను, నా మంచం, అంతే. అమ్మకి ఫోన్ చేస్తే బాగుండా అనే చెప్పేదాన్ని, ఎందుకంటే అమ్మ ఏడిస్తే నేను తట్టుకోలేను. పక్కింటి పనమ్మాయి పలకరిస్తే తల ఊపి లోపలికి వచ్చేసేదాన్ని, వాళ్ళ భాష రాదు మనకెందుకు అని. వారంలో రెండు రోజులు ఉపవాసం పట్టా, ఆ ఎండలో ఆ చాకిరీలో ఉపవాసం అంటే ఏమవుద్ది, మేడ మీద బట్టలు ఆరేస్తా కళ్ళు తిరిగి పడ్డా. మామా భయపడి జ్యూస్ తాగించింది, పాపం ఆ ఒక్కటి మాత్రం మంచే చేసింది.

అప్పుడే ఒక ఏజెంటు ఫోన్లో పరిచయం అయ్యాడు, మనోడే, తెలుగోడే. ఇంట్లోనుంచి వచ్చేయ్ అక్కా బయట ఫ్లాట్లలో పార్ట్ టైం పని ఇప్పిస్తా, డబుల్ డబ్బులు అన్నాడు. సరే దేవుణ్ణే అడుగుదాం అని కళ్ళు మూసుకుని బైబిల్ తెరిచి వేలు పెట్టా. ఆదికాండం 12 వచ్చింది, నీవు లేచి నీ దేశమునుండియు నీ బంధువుల యొద్దనుండియు బయలుదేరుము అని అబ్రాముకి చెప్పిన మాట. ఇంకేముంది, దేవుడే పొమ్మన్నాడు అని సర్దుకుని పోయా. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తది, నేను అప్పటికే దేశం, బంధువులు అందర్నీ వదిలేసి వచ్చి కూర్చున్నా, ఇంక ఏ దేశం వదలమని చెప్తాడు నాకు! కానీ ఆ రోజు నవ్వి నాకు ఆ మాట చెప్పే మనిషి పక్కన లేదు చూడు. ఒక్క ఆడమనిషి, మా ఊర్లో ఆడవాళ్ళకి వాక్యం చెప్పే బైబిల్ ఉమన్ లాంటి పెద్దావిడ ఒకరు ఉంటే, ఏందమ్మా నువ్వు పోదామని ముందే అనుకుని తర్వాత వేలు పెట్టావు కదా అని ముఖం మీద అడిగి ఉండేది.

కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పారిపోయానని కేసు పెట్టాడు, అకామా, అంటే ఈడ ఉండే పర్మిట్, పోయింది, నేను ఖల్లివల్లి అయిపోయా, అంటే కాగితాలు లేని మనిషినన్నమాట. జిలీబ్ ఏరియా‌లో ఒక గదికి అడ్డంగా చీర కట్టి ఆ పక్క నలుగురు ఈ పక్క నలుగురం. అంతమంది మధ్యలో కూడా ఒంటరే, ఎవరు ఎవరిని పట్టిస్తారో అని అందరికీ భయం, అసలు పేరు కూడా చెప్పుకునే వాళ్ళం కాదు. అన్నిటికంటే బాధ ఏందంటే శుక్రవారం ఆరాధనకి పోవాలన్నా పోలీసు చెకింగ్ భయం. దేవుడే పొమ్మన్నాడు అని బయటికొచ్చిన దాన్ని దేవుడి మందిరానికే పోలేకపోయా. 2018లో ప్రభుత్వం ఆమ్నెస్టీ, అంటే క్షమాభిక్ష, ఇచ్చినప్పుడు జరిమానా లేకుండా ఇంటికి పోనిచ్చారు, పోయి మళ్ళీ కొత్త వీసా మీద సక్రమంగా వచ్చా, 2024లో ఇంటి వీసాని కంపెనీ వీసాకి మార్చుకోనిచ్చిన ఆ రెండు నెలల్లో మార్చుకున్నా, ఇప్పుడు స్కూల్లో ఆయాగా చేస్తా, పిల్లల్ని చదివించుకుంటా, ఊర్లో స్లాబు ఇల్లు వేశా. ఇది గొప్పకి చెప్పట్లేదు, అంటే కొంచెం గొప్పకే అనుకో. ఎంత పడ్డాక వచ్చిందో తెలియాలని.

రెండోసారి వచ్చినప్పుడు ఏం మారింది అంటే, చెత్తబుట్ట. అవునమ్మా, నవ్వొద్దు. రాత్రి పని అయ్యాక చెత్త కవర్లు వేయడానికి వీధి చివర పెద్ద డబ్బా దగ్గరికి పోతాం కదా, ఆడ ఎదురింటి ఫిలిప్పీన్ అమ్మాయి కూడా వచ్చేది. ఒక రోజు నా కళ్ళు వాచిపోయి ఉంటే చూసి నా మెడలో సిలువ చూపించి జీసస్? అంది. నేను ఊ అన్నా. ఆ వాసనలో, పిల్లులు తిరుగుతా ఉంటే, చేతికి ఉన్న రబ్బరు గ్లౌజు కూడా తీయకుండానే నా చెయ్యి పట్టుకుని వాళ్ళ భాషలో ప్రార్థన చేసింది, నేను తెలుగులో చేశా. ఇద్దరికీ అర్థమయిన మాట ఆ పేరు ఒక్కటే. ఆ రాత్రి నాకు పట్టిన నిద్ర, మొదటి సారి వచ్చినప్పుడు అన్ని ఉపవాసాలకీ పట్టలేదు. తర్వాత రోజూ రెండు నిమిషాలు అంతే, ఎక్కువ సేపు నిలబడితే ఇంట్లో అడుగుతారు. ఆ అమ్మాయే బకాలా, అదే కిరాణా కొట్టు, దగ్గర ఇంకో తెలుగామెని చూపించింది, గూడూరు వైపు ఆమె, ఆమె నన్ను ఆరాధనకి తీసుకుపోయింది.

యేసయ్య కూడా కష్టంలో ఒక్కడే ఉండాలనుకోలేదు తెలుసా. ఆయన్ని పట్టుకునే ముందు రాత్రి గెత్సేమనే తోటలో శిష్యుల్లో పేతురునీ, జెబెదయి కొడుకులు ఇద్దర్నీ వెంటబెట్టుకుని పోయి, నాతో కూడ మెలకువగా ఉండండి అని అడిగాడు. వాళ్ళు నిద్రపోయారు, అది వేరే సంగతి. అడిగాడు కదా. దేవుని కుమారుడికే పక్కన మనుషులు కావాల్సి వచ్చినప్పుడు, మెట్ల కింద గదిలో ఒక్కదాన్నే చాలు అనుకోవడానికి నువ్వెంత నేనెంత.

ఇంకో మాట, ఏలీయా ప్రవక్త సంగతి. చచ్చిపోతే బాగుండు అని బదరీ చెట్టు కింద పడుకుంటే దూత వచ్చి మొదట చెప్పింది ప్రసంగం కాదు, లేచి భోజనము చెయ్యి అని. నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్ళు. తిని మళ్ళీ పడుకున్నాడు, మళ్ళీ లేపి మళ్ళీ తినమన్నాడు. ఎటు పోవాలి అన్న మాట అంతా తర్వాతే వచ్చింది. కాబట్టి ఈడ చాకిరీలో ఉన్నన్నాళ్ళు ఉపవాసాలు మానెయ్, నాలుగు మెతుకులు తిని అడుగు దేవుణ్ణి.

వాగ్దానం కార్డు కూడా చెప్తా, నువ్వూ పర్సులో పెట్టుకునే ఉంటావు. గల్ఫ్ వాళ్ళకి ఇష్టమైన వాక్యం యిర్మీయా 29:11, నేను మిమ్మును గూర్చి ఉద్దేశించిన సంగతులు నేనెరుగుదును, అవి సమాధానకరమైనవే గానీ హానికరమైనవి కావు. మంచి మాట, నా ఫ్రిజ్ మీద కూడా ఉంది. కానీ అది బబులోనుకి చెరపట్టుకుపోయిన యూదులకి రాసిన ఉత్తరంలోది, దాని పైన పదో వచనంలో డెబ్బై ఏళ్ళు అయ్యాకే తీసుకొస్తా అని ఉంటుంది, అయిదో వచనంలో ఇళ్ళు కట్టుకోండి తోటలు వేసుకోండి అని ఉంటుంది. కార్డు మీద ఆ రెండూ అచ్చువెయ్యరు. రేపే విడుదల అని కాదు అమ్మా ఆ మాట, ఆ పరాయి ఊర్లోనే నలుగురితో కలిసి బతకండి అని.

మన ఒంగోలు కొండ సంగతి చిన్నప్పుడు సండేస్కూల్లో వినే ఉంటావు. 1854 జనవరి 1 తెల్లారుజామున అమెరికా బాప్టిస్టు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు ఎక్కి ప్రార్థన చేశారు, మొత్తం అయిదుగురే. నెల్లూరు మిషన్ మూసేద్దామా వద్దా అని అమెరికాలో వాళ్ళు మాట్లాడుకునే రోజులు అవి. ఇరవై నాలుగేళ్ళ తర్వాత, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్క రోజే 2222 మందికి బాప్తిస్మం. ఆ మధ్యలో పెద్ద కరువు వస్తే ఆయన తర్వాత వచ్చిన మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు, కూడు కోసం వచ్చారనే మాట రాకూడదని కరువు ఉన్నన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపేశాడు. కొంతమంది ఫోన్లో ప్రవచనం చెప్తా ముందు కానుక వెయ్యి అంటారే, వాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు. నీకు అట్టాంటి ఫోన్ వస్తే కట్ చెయ్.

రూల్స్ ఎక్కువ చెప్పను, అయి మారతా ఉంటాయి, ఎంబసీ సైట్లో చూసుకో. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటి పని వాళ్ళకి వారానికి ఒక రోజు సెలవు ఉంది, రోజుకి పన్నెండు గంటలకి మించి పని చేయించకూడదు, పాస్‌పోర్టు వాళ్ళు పెట్టుకోకూడదు. కొట్టినా జీతం ఆపినా ఎంబసీకి పో, ఏజెంటు మాట విని గోడ దూకొద్దు. ఇంటి వాళ్ళ ముందు మతం మాటలు ఎత్తొద్దు, ఈడ అది ఒప్పుకోరు. నీ ప్రార్థన నువ్వు చేసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

సెలవు అడిగేటప్పుడు చర్చికి అని మొదలుపెట్టకుండా శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలు ఇవ్వు మామా, వంట చేసి పెట్టి పోతా, టైముకి వస్తా అని అడుగు. మొదటి రెండు మూడు వారాలు చెప్పిన టైము కంటే ముందే వచ్చెయ్, తర్వాత వాళ్ళే అడగరు. సిటీలో ఎవాంజెలికల్ చర్చి కాంపౌండ్ ఉంది, అన్ని భాషల వాళ్ళకీ గంటల లెక్కన ఆరాధనలు, మన తెలుగు వాళ్ళవీ ఉన్నాయి. మనోళ్ళు ఈడ కూడా ఆ పాస్టరు ఈ పాస్టరు అని చీలికలు పెట్టుకున్నారు, అది పట్టించుకోకు, నీకు దగ్గర ఏదైతే అందులో కూర్చో. కడప వాళ్ళు గోదావరి వాళ్ళు మన వాళ్ళు అందరూ ఉంటారు, ఆరాధన అయ్యాక మెట్ల మీద కూర్చుని డబ్బాల్లో పులిహోర పంచుకునేటప్పుడే అసలు సంగతులు బయటికొస్తాయి, ఏ ఇంట్లో పని ఎట్టా ఉంది, ఎవరికి రిలీజ్, అంటే వేరే యజమాని దగ్గరికి మారే ఒప్పుదల, ఇచ్చారు, ఎవరు మోసం చేశారు అని. ఉండాలా పోవాలా అనేది ఆడ అడుగు, అందులో ఇద్దరు పెద్దవాళ్ళు నీ కోసం ప్రార్థన చేసి వచ్చే వారం ఏమనిపించిందో చెప్తారు, నీ మనసుకీ అదే అనిపిస్తే అప్పుడు కదులు.

సెలవు అసలు ఇవ్వకపోతే నువ్వు ఉండే ఏరియా పేరు ఒక్కటే నాకు పంపు, ఇంటి నంబరు వద్దు, ఎవరికీ ఇవ్వొద్దు. ఆ చుట్టుపక్కల చెత్త వేసే టైముకి ఎవరు వస్తారో మా కూడికలో కనుక్కుని చెప్తా. ఈలోపు అమ్మకి ఫోన్ చేసి బాగుండా అని మాత్రం అనకు, ఏడుపొస్తే ఏడువు, వాళ్ళు తట్టుకుంటారులే.