తుడిచే ముందు తెరిచి చూడు

చిట్టితల్లీ,

తాతయ్య ఉత్తరాల స్కానులన్నీ పైథాన్ కోడ్‌తో ఒకే జిప్‌గా కట్టేసి, ల్యాప్‌టాప్‌లో జాగా ఖాళీ చేస్తానన్నావని మీ నాన్న చెప్పాడు. అమీర్‌పేటలో కోర్సులో చేరి మూడు నెలలైనా కాలేదు, అప్పుడే ఇంటి పనికి కోడ్ రాస్తున్నావు. గర్వంగా ఉంది. కానీ ఆ ‘ఖాళీ’ అన్న మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు.

కట్టడం తేలికే. పైథాన్‌తోనే వచ్చే షుటిల్ అనే మాడ్యూల్‌లో మేక్ ఆర్కైవ్ అనే ఫంక్షన్‌కు జిప్ పేరు, జిప్ అన్న రకం, ఫోల్డరు ఉన్న చోటు చెబితే చాలు. తయారయ్యే జిప్‌ను అదే ఫోల్డరులో పెట్టకు. జేపెగ్ బొమ్మలు ముందే కుదించినవి కాబట్టి పెద్దగా జాగా మిగలదని కూడా తెలుసుకో.

ఇక నా సంగతి విను. 2016లో మీ నానమ్మ మంగళహారతుల క్యాసెట్లు పదింటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాను. ఆరు జీబీ దాకా వచ్చాయి. వాటిని జిప్ చేసి పెన్‌డ్రైవ్‌లోకి పంపే కోడ్ రాశాను. పొరపాటు వస్తే ఆగకుండా ముందుకు సాగిపొమ్మని రాశాను, కింది వరుసలోనే అసలు ఫోల్డరును తుడిచేయమన్నాను. ఆ పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు దాచే పద్ధతి ఫ్యాట్32 అనే పాతది. అందులో ఒక ఫైలు నాలుగు జీబీ దాటదు. రాత అక్కడే తెగిపోయింది, కోడ్ నోరెత్తలేదు, ఫోల్డరు పోయింది. సంక్రాంతికి అందరికీ వినిపిద్దామని తెరిస్తే తెరుచుకోలేదు. జిప్‌లో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక చిట్టచివర ఉంటుంది తల్లీ, ఆ చివరే రాలేదు. క్యాసెట్లేమో బూజు పట్టాయని అప్పటికే పారేశాం. ఏవేవో ప్రోగ్రాములు తిప్పితే ఆరు క్యాసెట్ల పాటలు దక్కాయి. తులసికోట దగ్గర పాడే పాట మిగతా నాలుగింటిలో ఉండేది.

పొరపాట్లను మింగే కోడ్ రాశావో, నీ చెవి మెలిపెడతాను! జిప్ అయ్యాక పైథాన్ జిప్‌ఫైల్ మాడ్యూల్‌లో ఉండే టెస్ట్‌జిప్ నడుపు. అది ప్రతి ఫైలునూ చదివి సరిచూస్తుంది, ‘నన్’ అంటే అంతా బాగున్నట్టు. ఫైళ్ల లెక్క కూడా చూడు. తుడిచే వరుస మాత్రం అసలు రాయనే వద్దు. జాగా కావాలంటే సికింద్రాబాద్ వెళ్లి హార్డ్‌డిస్క్ నేను కొనిస్తాను.

ఆదివారం మెహదీపట్నం వచ్చేయి. జిప్ తెచ్చుకో, నా కంప్యూటర్‌లో తెరిచి చూద్దాం. దక్కిన పాటలు నీకూ ఎక్కించి ఇస్తాను.

నీ పెదనాన్న