ఆల్ డిస్ట్రిక్ట్‌లో పేరొచ్చింది, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మేం టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాది హెచ్1బీ ఉద్యోగ వీసా, పిల్లాడిది దాని మీద ఆధారపడిన హెచ్4. పదకొండో తరగతి చదువుతున్నాడు. స్కూల్లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడతాడు, ఈ సీజన్లో ఆల్ డిస్ట్రిక్ట్ ఫస్ట్ టీమ్‌లో, అంటే మా డిస్ట్రిక్ట్ స్కూళ్లన్నిట్లో మేటి ఆటగాళ్ల జాబితాలో, పేరొచ్చింది. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1 యూనివర్సిటీల నుంచి క్యాంపులకు రమ్మని ఉత్తరాలు వస్తున్నాయి. ఒక రిక్రూటింగ్ సర్వీస్ వాళ్లు 4,000 డాలర్లు కడితే కాలేజీలతో మాట్లాడతామంటున్నారు. కట్టమంటారా? డివిజన్ 1, డివిజన్ 3లో ఏది మేలు? ఆట పిచ్చిలో పడి చదువు పాడు చేసుకుంటాడేమోనని మా ఆవిడకి నిద్ర పట్టడం లేదు.

జవాబు: డబ్బు కట్టకండి. ముందు ఆ మాట చెప్పేసి మిగతా సంగతికి వస్తాను.

క్యాంపు ఉత్తరం ఆఫర్ కాదు. అలాంటివి వందల మందికి వెళ్తాయి, వెళ్తే ఫీజు మీరే కట్టుకోవాలి. పిల్లాడు నిజంగా కావాలనుకున్న కోచ్ మీ స్కూల్ హెడ్ కోచ్‌కి ఫోన్ చేస్తాడు. ట్రాన్‌స్క్రిప్ట్ అడుగుతాడు. ఫలానా ప్లేలో ఎందుకలా కదిలావని పిల్లాడినే అడుగుతాడు. ఇవేవీ జరగలేదంటే ఆ కాలేజీ మీవాణ్ని ఇంకా చూడలేదనే అనుకోండి.

సర్వీస్ వాళ్లు ఫుట్‌బాల్ స్టార్ జోష్ అలెన్ కథ చెప్పే ఉంటారు. హైస్కూల్ అయ్యేసరికి అతనికి ఒక్క డివిజన్ 1 ఆఫరూ లేదు. రీడ్లీ కాలేజీ అనే రెండేళ్ల జూనియర్ కాలేజీలో చేరి, అక్కణ్నుంచి వయోమింగ్ యూనివర్సిటీకి వెళ్లి, 2024 సీజన్‌కి ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఎంవీపీ, అంటే మేటి ఆటగాడు, అయ్యాడు. అంతా నిజమే. కానీ రీడ్లీలో ఉండగా దేశంలోని కోచ్‌లందరికీ ఈమెయిళ్లు పంపుకున్నది అతనే. ఆట వీడియోలు పెట్టుకునే హడల్ సైట్‌లో మూడు నిమిషాల వీడియో, మార్కులు, కోచ్ నంబరు, నాలుగు లైన్ల ఉత్తరం. మీవాడు ఒక ఆదివారం కూర్చుంటే అయిపోయే పని.

ఇక డివిజన్ 1. దాని మీద నాకున్న అనుమానం దాచను. ఈ దేశంలో హైస్కూల్ ఫుట్‌బాల్ ఆడే పిల్లలు 10 లక్షల మంది దాకా ఉంటారు. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ లెక్కల్లో, మూడు డివిజన్లూ కలిపినా, కాలేజీలో ఆడేది నూటికి ఏడుగురు. డివిజన్ 1కి చేరేవాళ్లు ముగ్గురికి మించరు. ఇది పాత కథ. కొత్తది ఇంకా గట్టిది. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది, కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా అది. ఆటగాళ్లు వేసిన కేసులో 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో, అందులో చేరిన కాలేజీలు ఫుట్‌బాల్ టీమ్‌ని 105 మందికే పరిమితం చేయాలి. ఆ 105లో ఒక చోటు ఖాళీ అయితే కోచ్ ఎవరిని తీసుకుంటాడు? పదిహేడేళ్ల మీవాడినా, పక్క కాలేజీలో రెండేళ్లు ఆడి, కండ పట్టి, పోర్టల్లో నిలబడ్డ ఇరవై ఒక్కేళ్లవాడినా? స్కాలర్‌షిప్ లేకుండా వాక్ ఆన్‌గా వెళ్తే మొదట ఊడేది ఆ చోటే.

పైగా మీది హెచ్4 ఇల్లు. ఎన్ఐఎల్ డబ్బు, అంటే ఆటగాడి పేరూ ఫొటోలూ వాడుకున్నందుకు ఇచ్చే డబ్బు, వస్తుందని ఎవరైనా ఊరిస్తే, ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవకుండా ఒక్క డాలరు కూడా ముట్టుకోనివ్వకండి. హెచ్4 పిల్లలు ఇక్కడ సంపాదించకూడదు. 21 నిండాక ఆ హెచ్4 కూడా ఉండదు. కాలేజీ మధ్యలో ఆ పుట్టినరోజు వస్తుందని ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వరు, కాలేజీని బట్టి చదువుకో ఇంటి ఆర్థిక పరిస్థితికో సాయం ఇస్తారు. ఎంఐటీ, జాన్స్ హాప్‌కిన్స్, కార్నెగీ మెలన్, యూనివర్సిటీ ఆఫ్ షికాగో, మన శాన్ ఆంటోనియోలో ట్రినిటీ, ఇవన్నీ డివిజన్ 3లో ఫుట్‌బాల్ ఆడేవే. ఈ పేర్లు విన్నాక మీకు కాస్త ఊపిరి ఆడి ఉంటుంది. మార్కులు బాగుండి మైదానంలో కూడా పనికొచ్చే పిల్లాడి కోసం అక్కడి కోచ్‌లు నిజంగానే వెతుకుతారు.

మీ ఆవిడకి చెప్పండి, ఆట వల్ల చదువు పోవడం టెక్సాస్‌లో అంత సులభం కాదు. 1984లో చట్టమైన ‘నో పాస్ నో ప్లే’ ఇక్కడ ఉంది, 70 కన్నా తగ్గితే పక్కన కూర్చోబెడతారు. ఆగస్టు ఎండలో ప్రాక్టీసు చేసి, రాత్రి హోంవర్కు ముగించే పిల్లాడికి టైమ్ విలువ మనం నేర్పక్కర్లేదు. తలకి దెబ్బ తగులుతుందన్న భయం మాత్రం నిజమైన భయం. దాన్ని నేను కొట్టిపారేయను. కంకషన్, అంటే దెబ్బకి మెదడు అదిరిందన్న అనుమానం ఉంటే ఆ రోజు మళ్లీ దిగనివ్వకూడదని రాష్ట్ర చట్టమే చెప్తోంది. తల తిరుగుతోందని ఇంట్లో చెప్తే ఆట మానిపిస్తారని పిల్లాడు దాచకుండా చూసుకోవాల్సింది మీరు.

ఇప్పుడు కాస్త కటువుగా అంటాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరంలో సర్వీస్ ఫీజు ఉంది, వీసా ఉంది, డివిజన్లున్నాయి. మీవాడు ఏ పొజిషన్ ఆడతాడో లేదు. ఏం చదవాలనుకుంటున్నాడో లేదు. పోయిన ఏడాది ఇలాగే ఒకాయన కొడుకుని వెంటబెట్టుకుని నా దగ్గరికొచ్చారు. కాలేజీల పట్టికంతా లాప్‌టాప్‌లో ఉంది. పొజిషన్ ఏంటని అడిగితే ఆయన కొడుకు వైపు చూశారు. ఆ పిల్లాడు వేళ్లకున్న టేపు పీక్కుంటూ, తల ఎత్తకుండా, ‘కార్నర్‌బ్యాక్, ఆంటీ’ అన్నాడు. మూడేళ్లుగా ఆడుతున్నాడు. మ్యాచ్ జరిగే శుక్రవారం రాత్రి ఆయన ఒక్కసారి కూడా స్టాండ్స్‌లో కూర్చోలేదు.

ఈ రాత్రి మీరిద్దరూ పిల్లాడి పక్కన కూర్చుని ఆ హడల్ వీడియో చూడండి. ఈ ప్లే ఎందుకు మొదట పెట్టావని అడగండి, వాడు చెప్పేది మధ్యలో ఆపకుండా వినండి. ఆ తర్వాత పొజిషన్, ఎత్తు, బరువు, కోర్ సబ్జెక్టుల జీపీఏ, చదవాలనుకుంటున్న కోర్సు నాకు రాయండి. వీలైతే ఆ ఉత్తరం వాడినే రాయమనండి.